ఎంఎస్ ముప్పు తగ్గాలంటే: వెన్న మానడమా, విటమిన్ డి చూసుకోవడమా?

ఇంట్లో ఒకరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్; ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు) అని తేలగానే, 'పిల్లలకు రాకుండా ఏం పెట్టాలి?' అని అడగనివాళ్లు లేరు. నెయ్యి, పాలు మాన్పించాలా? చేపలు, విటమిన్ డి ఇవ్వాలా? వచ్చిన జబ్బుకు పథ్యం వేరు, రాకముందు జాగ్రత్త వేరు. నేను చెప్పేది రెండోదాని గురించే.

వెన్న వాదానికీ విటమిన్ డి వాదానికీ నార్వేతో సంబంధం ఉంది. అమెరికన్ న్యూరాలజిస్టు రాయ్ స్వాంక్ 1952లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడి లోతట్టు వ్యవసాయ ప్రాంతాల్లో ఎంఎస్ ఎక్కువ, తీరంలోని జాలరి పల్లెల్లో తక్కువ. రైతుల తిండిలో వెన్న, పాలు, మాంసం దండిగా ఉండేవి. జాలర్లది చేపల తిండి. స్వాంక్ తప్పు వెన్నదేనన్నాడు. సంతృప్త కొవ్వు బాగా తగ్గించిన ఆహారం పెట్టి తన రోగులను 34 ఏళ్లు గమనించి, 1990లో ఫలితాలు ప్రకటించాడు. నియమం తప్పనివాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఆ ఓపికకు దండం పెట్టాలి. కానీ పోల్చి చూడటానికి వేరే బృందం లేదు. జబ్బు ముదిరినవాళ్లే నియమం వదిలేసి ఉండవచ్చు కూడా. పైగా వాళ్లంతా అప్పటికే రోగులు. వెన్న మానితే జబ్బు రాదనడానికి అది సాక్ష్యం కాదు.

నా మట్టుకు తేల్చేది ఇదే: ఆధారం జబ్బు రాకముందు సేకరించినదా, తర్వాతా? జబ్బుపడ్డవాళ్లు తిండి మార్చుకుంటారు, ఎండలోకి వెళ్లడం తగ్గిస్తారు. అప్పుడు తీసిన రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉంటే ఏది కారణం, ఏది ఫలితం? 2006లో వెలువడిన అమెరికా సైనికుల అధ్యయనం ఈ చిక్కును దాటింది. జబ్బు బయటపడక ముందే తీసి భద్రపరచిన రక్తాన్ని పరీక్షించారు. శ్వేతజాతి సైనికుల్లో విటమిన్ డి బాగా ఎక్కువున్న అయిదోవంతు మందికి, అట్టడుగు అయిదోవంతుతో పోలిస్తే ఎంఎస్ ముప్పు 62 శాతం తక్కువ. నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) సైనికుల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. అందువల్ల మనవాళ్లకు ఇదే లెక్క వర్తిస్తుందని అనలేను. పుట్టుకతోనే విటమిన్ డి తక్కువగా ఉండే జన్యువులున్న ఐరోపా సంతతివారికి ముప్పు ఎక్కువని 2015లో తేలడం మాత్రం ఈ వాదానికి బలం.

మళ్లీ నార్వే సంగతికి వస్తే, అక్కడ చలికాలమంతా పిల్లలకు చెంచాడు కాడ్ చేప కాలేయపు నూనె తాగించడం పాత అలవాటు. ఒక చెంచాలో సుమారు 400 యూనిట్ల విటమిన్ డి ఉంటుంది. కౌమారంలో ఆ నూనె తాగినవాళ్లలో ఎంఎస్ తక్కువగా కనిపించింది. తీరంవాళ్లను కాపాడింది వెన్న లేకపోవడం కాదు, చేప ఉండటం అని నాకు అనిపిస్తుంది.

దీనికి సమానంగా నిలిచేది కౌమారంలో బరువు. 18 ఏళ్లకే ఊబకాయం ఉన్న అమెరికన్ నర్సుల్లో ఎంఎస్ ముప్పు రెట్టింపుకు పైగా ఉంది. ఊబకాయం ఉన్నవారి రక్తంలో విటమిన్ డి కూడా తక్కువే. నెయ్యి కొలత తగ్గించాలనుకుంటే అందుకోసం తగ్గించండి.

గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తును మానడానికి గట్టి ఆధారం లేదు. ఉప్పు మీద అనుమానం నిలవలేదు. కాఫీ ఎక్కువగా తాగేవారిలో ముప్పు తక్కువని స్వీడన్ పరిశీలన ఒకటి ఉంది, అంతే.

బ్రిటన్‌లో పుట్టిన దక్షిణాసియా వలసదారుల పిల్లల్లో ఎంఎస్ వాళ్ల తల్లిదండ్రుల తరంకన్నా ఎక్కువగా కనిపించింది. చలిదేశాల్లో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్లు ఈ సంగతి పట్టించుకోవాలి. చేపలు తినే ఇంట్లో వారానికి రెండుసార్లు కానాగంతలో కవళ్లో వండండి. శాకాహారులు రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదులో మాత్ర ఇవ్వండి. మందుల దుకాణంలో దొరికే 60,000 యూనిట్ల పొడిని పరీక్ష లేకుండా నెలల తరబడి తాగించకండి. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.