పేరున్న గురువా, తీరికున్న గురువా: ఏది మేలు?

మా అమ్మాయికి పదేళ్ళు. కళాభారతిలో ఒక కచేరీ విని వచ్చిన రోజు నుంచి వయొలిన్ నేర్పించమని పట్టుబట్టింది. వేసవి సెలవుల్లో వాకబు చేస్తే విశాఖలో మాకు కుదిరేవి రెండు చోట్లు తేలాయి. ఒకటి ఎంవీపీ కాలనీలో. అక్కడి గురువుగారు టీవీలో కనిపిస్తారు, విదేశాల్లో కచేరీలు చేసి వస్తారు. ఆయన శిష్యులమంటే చాలు, సభల వాళ్ళు పిలిచి అవకాశం ఇస్తారు. రెండోది వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర ఒక పెంకుటింటి వసారా. అక్కడి మాస్టారు రిటైరైన ఉద్యోగి. ఆ వీధిలో అడిగితే "ఫిడేలు మాస్టారి ఇల్లా?" అని దారి చూపిస్తారు, పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

మావారు ఎంవీపీ కాలనీ అన్నారు. మా అత్తగారిది విజయనగరం, ఆవిడ ఏమీ అనకుండా మా ఇద్దరినీ చూస్తూ ఊరుకున్నారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. వయొలిన్‌కి మొదటి ఏడాదే ప్రాణం. చెయ్యి ఒకసారి తప్పుగా కుదిరితే తర్వాత సరిచేయడం కొత్తగా నేర్పడం కన్నా కష్టమని తెలిసినవాళ్ళందరూ చెప్పారు. అందుకని రెండు చోట్లకీ పిల్లని తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూశాను. ఇంటికొచ్చి, పెద్దపెద్దవాళ్ళు ఎవరి దగ్గర ఎలా నేర్చుకున్నారో కూడా చదివాను.

ముందు పేరున్న గురువు సంగతి. ఆ పేరుకి విలువ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే రోజుల్లో, 1812లో, పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసుకుని, సుమారు 300 పేజీల పుస్తకంగా తనే కుట్టి, డేవీకి పంపాడు. మరుసటి ఏడాది ఆయన దగ్గరే సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. అదే ఏడాది డేవీ యూరప్ యాత్రకి బయలుదేరి కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్ళాడు. ఏడాదిన్నర తిరిగారు. ఆ యాత్రలో ఫారడే ఆంపియర్‌ని చూశాడు, వోల్టాని చూశాడు. పెద్ద చదువు లేని కమ్మరి కొడుకుకి ఆ గడపలు ఇంకెవరు తొక్కించగలరు? అదే డేవీ 1824లో, రాయల్ సొసైటీ అధ్యక్షుడి హోదాలో, ఫారడేకి సభ్యత్వం ఇవ్వడాన్ని వ్యతిరేకించాడు. శిష్యుడికి పేరు రావడం మొదలయ్యాక పేరున్న గురువుకి అది మింగుడు పడకపోవడం కూడా ఉంటుంది. అయినా తలుపు తీసింది ఆ చెయ్యే.

పాశ్చాత్య స్వరకర్త బీథోవెన్ కథ నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. 1792 చివర్లో ఆయన వియన్నా వెళ్ళింది హైడన్ దగ్గర నేర్చుకోవడానికి. అప్పటికి హైడన్‌ని మించిన పేరు యూరప్‌లో లేదు. ఏడాది పైచిలుకు పాఠాలు సాగాయి. ఆ రోజుల్లో బీథోవెన్ రాసిన అభ్యాసాల్లో దాదాపు 245 ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో హైడన్ దిద్దినవి 42. అంటే ఆరింటికి సుమారు ఒకటి. ఆయనది చెడ్డ మనసేమీ కాదు. కొత్త సింఫనీలు రాసుకోవాలి, లండన్ ప్రయాణానికి సిద్ధం కావాలి, పిల్లాడి నోట్సు మీద ఎర్రగీతలు పెట్టే తీరిక ఎక్కడిది? ఈ కుర్రాడు యూరప్‌లోని గొప్ప స్వరకర్తల్లో ఒకడవుతాడని బీథోవెన్ సొంతూరు బాన్ ప్రభువుకి ఉత్తరం రాసింది కూడా ఆయనే. ఆ మాట రాయడానికి హైడన్ కావాలి, తప్పులు దిద్దడానికి వేరొకరు కావాలి. 1794లో హైడన్ లండన్ వెళ్ళాక బీథోవెన్ ఆల్‌బ్రెక్ట్స్‌బర్గర్ అనే చర్చి సంగీతకారుడి దగ్గర చేరాడు. వారానికి మూడు పాఠాలు. ఈ రెండో పేరు సంగీతం చదివినవాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు?

అసలు వీళ్ళిద్దరికీ ముందు బాన్‌లో నీఫె ఉన్నాడు. ఆస్థానంలో ఆర్గన్ వాయించే మామూలు మనిషి. పదేళ్ళ పిల్లాడి ముందు బాఖ్ స్వరాలు పెట్టి కూర్చోబెట్టింది ఆయన. నేనెప్పుడైనా గొప్పవాణ్ణయితే అందులో మీకూ భాగం ఉంటుందని బీథోవెన్ తర్వాత ఆయనకి ఉత్తరం రాశాడు. అది చదివినప్పుడు నా కళ్ళ ముందు మా పిల్లే మెదిలింది. దానికీ ఇప్పుడు పదేళ్ళే.

మన దగ్గరి సంగతి చూద్దాం. ఘంటసాల గారు సంగీతం కోసం విజయనగరం వచ్చిన కథ తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉంగరం అమ్ముకుని వచ్చిన కుర్రాడికి సెలవులిచ్చేసిన కాలేజీ ఎదురైంది. చివరికి చేరదీసింది సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి గారు. డబ్బు తీసుకోకుండా నేర్పారు. కుర్రాడు జోలె పట్టి మధూకరం ఎత్తుకుని తిన్నాడు. ఆ గొంతు విననివాళ్ళు తెలుగునాట ఉండరు. శాస్త్రి గారి పేరు మాత్రం ఈ కథ చెప్పేటప్పుడే మన నోట వస్తుంది. ఆ రుణం మాత్రం అక్కడితో తెగలేదు. శాస్త్రి గారి అబ్బాయి సంగీతరావు గారు తర్వాత మద్రాసులో ఏళ్ళ తరబడి ఘంటసాల గారికి హార్మోనియంతో తోడున్నారు.

వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగింది విశాఖలోనే. కమాను పట్టించింది ఆయన అన్నగారు వెంకటకృష్ణయ్య గారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే అధ్యాపకుడిగా తీసుకున్నారని చెబుతారు. అప్పటికి 26 ఏళ్ళు. ఇంట్లోనే ఉండి, పొద్దస్తమానం వినగలిగిన అన్నగారు ఆయన గురువు. మా అత్తగారు నోరు విప్పింది ఈ మాట దగ్గరే: "మా నాయుడు గారికి నేర్పిన అన్న పేరు ఎందరికి తెలుసమ్మా?"

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది త్యాగరాజస్వామి శిష్యపరంపర. ఆయన శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. వెంకటసుబ్బయ్య శిష్యుడు మన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు (సినిమాలకు సంగీతం కట్టిన సుసర్ల దక్షిణామూర్తి వేరు, ఈయన ఆయనకి తాతగారు). శాస్త్రి గారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇటు చివర పేరు అందరికీ తెలుసు, అటు చివర పేరు అందరికీ తెలుసు. మధ్యలో ఉన్న ముగ్గురి పేర్లు ఎంతమంది చెప్పగలరు? వాళ్ళలో ఏ ఒక్కరు తీరిక లేదన్నా తిరువయ్యారు నుంచి విజయవాడ దాకా ఆ పాట వచ్చేది కాదు. పేరు అక్కర్లేకుండా పని చేసిన వాళ్ళు వీళ్ళు. తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి.

అలాగని తీరికున్న ప్రతివాడూ గురువు కాడు. ఇది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పేరులేని చోట పెద్ద చిక్కేమిటంటే, ఆయన తప్పు నేర్పుతున్నా చెప్పేవాళ్ళుండరు. పిల్ల నాలుగేళ్ళు ఆ వసారాలోనే ఉండిపోతే బయట ఎవరెలా వాయిస్తున్నారో తెలియదు. పేరున్న చోట కనీసం తోటి పిల్లల్ని చూసి తన స్థాయి తెలుసుకుంటుంది.

సరే, మేం చూసింది చెబుతాను. ఎంవీపీ కాలనీలో హాలు నిండా ఇరవై ఇద్దరు పిల్లలు. పాఠం చెప్పింది సీనియర్ శిష్యురాలు, ఓర్పున్న అమ్మాయి. గురువుగారు నెలకో ఆదివారం వస్తారట. మా పిల్ల మూడో వరసలో కూర్చుంది. గంటసేపు మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే మొట్టమొదటి పాఠాలు, అందరూ కలిసి వాయించారు. వినడానికి నిండుగా ఉంది. కానీ మా పిల్ల ఎడమ మణికట్టు వయొలిన్ మెడకి ఆనించేసి ఉంది. సంగీతం రాని నాకే అది కనిపించింది, అక్కడ మాత్రం ఎవరి కంటా పడలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఇరవై ఇద్దరికి నలభై నాలుగు చేతులు.

వన్‌టౌన్‌లో మాస్టారు ముందు పిల్లని వాయించనేలేదు. కమాను తీసుకుని, కొనకీ పిడికీ సరిగ్గా మధ్యలో ఒక ఎర్రదారం కట్టారు. "తల్లీ, ఇవాళ ఈ దారం దాటి ఇటు రాకూడదు" అన్నారు. నలభై నిమిషాల పాటు అది వాయించింది రెండే తీగలు. షడ్జం, పంచమం, మళ్ళీ షడ్జం. కమాను వంకర పోయినప్పుడల్లా ఆయన ఏమీ అనలేదు, చూపుడువేలితో దాని మోచెయ్యి కింద మెల్లగా ఎత్తారు. మొదట్లో తలుపు కిర్రుమన్నట్టున్న చప్పుడు చివరి అయిదు నిమిషాల్లో కొంచెం గుండ్రంగా మారింది. అది నాకూ వినిపించింది. పిల్ల నా వైపు తిరిగి చూసింది.

మాస్టారిని అడగాల్సినవి అడిగాను. మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారంటే, ఇద్దరు రేడియోకి వాయిస్తున్నారు, ఒకతను బెంగళూరులో నేర్పుతున్నాడు అన్నారు. ఆ బెంగళూరు అతనితో ఫోన్లో మాట్లాడాను. గురువుని ఎంచుకునే ప్రతి తల్లీ తండ్రీ ఈ పని తప్పకుండా చెయ్యాలి. గురువు ఎన్ని కచేరీలు చేశారని కాదు, పాత శిష్యుల చేతులు ఎలా ఉన్నాయో చూడాలి. ఒక క్లాసులో గురువు స్వయంగా మీ బిడ్డ చేతిని ఎన్ని నిమిషాలు చూస్తారో గడియారం పెట్టుకుని లెక్కపెట్టాలి.

చివరగా మాస్టారితో కొంచెం బెరుగ్గానే అన్నాను, "మాస్టారండీ, ముందు ముందు దీన్ని పెద్దవాళ్ళ దగ్గరికి పంపాల్సి వస్తే మీరు ఏమీ అనుకోరు కదా?" "పంపకపోతేనే అనుకుంటానమ్మా" అన్నారు. "వర్ణాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వచ్చాక నేనే తీసుకెళ్తాను."

నేను మాస్టారి వైపు మొగ్గింది ఈ మాటతోనే. ఏది మేలన్నది వయసుని బట్టి, మెట్టుని బట్టి మారుతుంది. మన విశాఖలో ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఇక్కణ్ణుంచి ఆ శాస్త్రంలో పెద్ద పేరున్న మనుషుల దగ్గరికి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గరికీ, తర్వాత కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరికీ వెళ్ళారు. ఆ పేర్లు ఆయనకి ఇరవై దాటాకే అవసరమయ్యాయి. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోమని దీపం వెలిగించింది వాళ్ళమ్మ. ఆ సంగతి తన పుస్తకాన్ని ఆవిడకి అంకితమిస్తూ ఆయనే రాసుకున్నారు. పునాదికి తీరికున్న మనిషి, పై అంతస్తుకి పేరున్న మనిషి. పదహారేళ్ళ పిల్ల, చెయ్యి కుదిరిన పిల్ల అయితే నేను కళ్ళుమూసుకుని ఎంవీపీ కాలనీకే పంపేదాన్ని. నెలకో ఆదివారం ఆయన చెప్పే ఒక్క మాట దానికి చాలు. పదేళ్ళదానికి ఆ మాట వినిపించదు.

మావారు పూర్తిగా ఒప్పుకోలేదు. ఏడాది చూద్దామన్నారు, సరే అన్నాను. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం అయిదున్నరకి సీతమ్మధారలో బయలుదేరుతున్నాం. ఎర్రదారం ఇంకా కమాను మీదే ఉంది. పోయిన వారం మాస్టారు దాన్ని రెండంగుళాలు ఇటు జరిపారు.