మనీప్లాంటా, స్నేక్ ప్లాంటా: ఇంటికేది, ఆఫీసుకేది?

గాలి శుభ్రమవుతుందని మాత్రం రెండింట్లో ఏదీ కొనకండి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న 1989 నాటి నాసా ప్రయోగాలు మూసిన చిన్న పెట్టెల్లో చేసినవి. మామూలు ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు కావాలని 2019లో వచ్చిన సమీక్ష లెక్కతేల్చింది. కంటికి పచ్చదనం, మనసుకు కాస్త ఊరట: అదేం తక్కువా?

ఖర్చు: మనీప్లాంట్ దాదాపు ఉచితం. పక్కింటి తీగను కణుపు కింద కత్తిరించి నీళ్లలో పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లొస్తాయి. స్నేక్ ప్లాంట్ పెరుగుదల నిదానం, నర్సరీలో ధరా ఎక్కువే.

నీళ్లు: మనీప్లాంట్ మట్టిలో వేలు గుచ్చండి, అంగుళం లోతు ఆరితే పోయండి. స్నేక్ ప్లాంట్‌కు కుండీ పూర్తిగా ఆరాకే. ఏసీ గదిలో మూడు వారాలకోసారి చాలు.

ముప్పు: స్నేక్ ప్లాంట్‌ను చంపేది మన అతిప్రేమే. ఆకు మొదలు మెత్తబడి పసుపెక్కితే వేరు కుళ్లినట్టు. కుళ్లు కోసేసి, రెండు రోజులు ఆరబెట్టి, సగం ముతక ఇసుక కలిపిన మట్టిలో, అడుగున చిల్లున్న కుండీలో నాటాలి. సీసాలో మనీప్లాంట్‌కు వారానికోసారి నీళ్లు మార్చకపోతే డెంగీ దోమను పెంచినట్టే. బోరు నీళ్లయితే సీసాకు తెల్లచార కడుతుంది, వెనిగర్‌తో పోతుంది. నమిలితే రెండూ చేటే.

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వంటింటి కిటికీ పక్కనైతే మనీప్లాంట్. పాకే పిల్లలుంటే ఎత్తులో వేలాడదీయండి. వారానికి మూడు రోజులే వెళ్లే మాదాపూర్ ఆఫీసు టేబుల్‌కు స్నేక్ ప్లాంట్. హౌస్‌కీపింగ్ వాళ్లకు మాత్రం రోజూ నీళ్లు పోయొద్దని ముందే చెప్పండి.