లూసెర్న్ పెట్టె: నాలుగు కాలాల్లో వాడి చూసిన సామాను సమీక్ష

స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌కు వెళ్లేవాళ్లు పెట్టెలో ఏం సర్దుకోవాలన్నదే ఈ సమీక్ష. ఆ ఊరు సరస్సు ఒడ్డున 434 మీటర్ల ఎత్తులో ఉంది. మన హైదరాబాదే ఇంతకన్నా వంద మీటర్లు ఎత్తు. కాబట్టి ఇబ్బంది ఊరితో కాదు, ఊరి చుట్టూ ఉన్న కొండలతో. స్టేషన్లో రైలెక్కితే ముప్పావుగంటలో ఎంగెల్‌బర్గ్, అక్కడ కేబుల్ కార్లు మారుతూ పోతే 3,020 మీటర్ల దగ్గర టిట్లిస్ కొండ మీది స్టేషన్, తలుపు దాటితే మంచు. పొద్దున కాఫీ తాగిన చోటుకీ మధ్యాహ్నం నిలబడ్డ చోటుకీ దాదాపు 2,600 మీటర్ల తేడా. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన ఇది 17 డిగ్రీలు. జులైలో కింద 24 ఉంటే పైన 7. గాలి వీస్తే ఒంటికి అది సున్నాలాగే తగులుతుంది.

ఈ లెక్క చూసుకోకుండా సర్దితే జరిగేది ఒకటే. బొచ్చు టోపీ ఉన్న లావుపాటి చలికోటు ఒకటి, దాని కింద నూలు టీషర్టులు, రెండు జీన్స్. ఊళ్లో ఆ కోటును చేతిమీద మోయాలి, పైన వేసుకుని పది అడుగులు నడిస్తే లోపల చెమట, ఆగితే ఆ చెమటే చల్లబడి వణుకు. నూలు బట్ట తడిని పట్టుకుని వదలదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తప్ప ఆ కోటుకు పెట్టెలో చోటు ఇవ్వొద్దు. జనవరిలో ఊళ్లోనే పగలు 3, 4 డిగ్రీలు, రాత్రి సున్నాకు దిగువ. అప్పుడు అది నిజంగా పనికొస్తుంది.

మిగతా నెలలకు మూడు పొరలు. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని టీషర్టు, దాని మీద పల్చటి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ స్వెటర్), పైన వాన ఆపే జాకెట్. వీటితోపాటు గుప్పెట్లో పట్టేంతగా మడతపడే 250, 300 గ్రాముల పఫ్ఫర్ (లోపల ఈకలో దూదో నింపిన ఉబ్బెత్తు జాకెట్) ఒకటి బ్యాగులో ఉండాలి. మెరినోలో 150 నుంచి 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) రకం అన్నిటికీ సరిపోయింది. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ మూడు రోజులు వరుసగా తొడిగినా వాసన రాదు కాబట్టి ఎనిమిది రోజులకు రెండు చాలు. దాని బలహీనత ఇంటి దగ్గరే బయటపడుతుంది: బీరువాలో పురుగు కొట్టేస్తుంది. ఉతికి, బాగా ఆరబెట్టి, జిప్పు సంచీలో పెట్టాలి. కలరా ఉండలు వేస్తే పురుగు రాదు గానీ ఆ వాసన పోవడానికి రెండు ఉతుకులు పడతాయి.

పఫ్ఫర్ కొనేటప్పుడు బాతు ఈకలదా, సింథటిక్ దూదిదా అని అడుగుతారు. ఈకలది తేలిక, వెచ్చన. తడిస్తే మాత్రం ఉండలు కట్టి చల్లటి సంచీ అయిపోతుంది. లూసెర్న్‌లో తడిసే అవకాశమే ఎక్కువ కాబట్టి సింథటిక్‌కే ఓటు. దాన్ని ఏడాది పొడవునా ఆ చిన్న సంచీలోనే కుక్కి ఉంచకండి. దూది అణిగిపోయి వెచ్చదనం తగ్గిపోతుంది. ఇంట్లో హ్యాంగర్‌కు వేలాడదీయాలి.

ఇక వాన. వేసవి అంటే ఎండాకాలం అనుకుని వచ్చేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. లూసెర్న్‌లో ఏడాదికి 1,170 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అందులో పెద్ద వాటా వేసవిదే. జూన్, జులై, ఆగస్టుల్లో నెలకు 150 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. గొడుగు పాత బజారు సందుల్లో పనిచేస్తుంది. సరస్సు మీద పడవ పైఅంతస్తులో గాని, దక్షిణం నుంచి ఫోయెన్ అనే బలమైన కొండగాలి దిగిన రోజున గాని తెరిచారా, పువ్వులా వెనక్కి విచ్చుకుంటుంది. అందుకే పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు పెట్టాల్సింది వాన జాకెట్ మీద. చూడాల్సినవి: నీటిని ఆపే సామర్థ్యం (ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని బట్ట ఆపగలదన్న కొలత) 10,000 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, లోపలి కుట్లన్నిటి మీదా టేపు అతికించి ఉండాలి, టోపీకి బిగించే తాడు ఉండాలి, చంకల కింద జిప్పు ఉంటే ఇంకా మంచిది. ఫ్లీస్ మీద వేసుకుని చూసి కొనండి. టీషర్టు మీద సరిపోయింది పొరల మీద బిగుతవుతుంది.

రెండేళ్లు వాడాక ఏ జాకెట్ అయినా భుజాల దగ్గర నీళ్లు జారడం మానేసి బట్ట నానినట్టు కనిపిస్తుంది. చిరిగిందనుకుని పారేయొద్దు. బ్యాగు పట్టీల రాపిడికి, మామూలు డిటర్జెంటుకి పైపూత పోయిందంతే. దీనికని అమ్మే ద్రవంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్లో తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పితే చాలావరకు తిరిగొస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం ఒక్క చుక్క కూడా తగలనివ్వకండి.

బూట్ల విషయం ఇంకా ముఖ్యం, దాని గురించి మనవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు కొని, ఒక్క ప్రయాణం చేసి, అటక మీద పెట్టి, నాలుగైదేళ్లకు మళ్లీ దింపి తొడిగితే పైన చెక్కుచెదరదు, నడుస్తుంటే అడుగు ఊడి ముక్కలై రాలుతుంది. అంటించిన జిగురు తప్పనుకుంటారు. నిజానికి రబ్బరు అడుగుకూ పై తోలుకూ మధ్య ఉండే పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ నురగ పొర గాలిలోని తేమతో చర్య జరిపి పొడిపొడిగా విరుగుతుంది. వాడకపోయినా విరుగుతుంది, ఉక్కపోత ఉన్న చోట ఇంకా తొందరగా. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో దాచినవైతే తప్పక పరీక్షించాలి. ప్రయాణానికి నెల ముందు తొడుక్కుని రోజుకు నాలుగు కిలోమీటర్లు నడవండి, బొటనవేలితో అడుగు పక్కన నొక్కి చూడండి, పగుళ్లు కనిపిస్తే తీసుకెళ్లొద్దు. పాత వాన జాకెట్ల లోపలి పూత అంటుకుపోయి పొలుసుల్లా రాలేదీ ఈ జబ్బు వల్లనే.

కొనేటప్పుడు: నీరు చొరని లోపలి పొర, గాడులున్న రబ్బరు అడుగు, మందపాటి సాక్సుతో కలిపి వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ. చీలమండ దాకా రావాలా అంటే, ఊరి చుట్టుపక్కల పిలాటస్, రిగి కొండల మీద సాధారణ దారులకు పొట్టి బూట్లు చాలు. జాలీ బట్ట (మెష్) రన్నింగ్ బూట్లు ఊరికి బాగుంటాయి గానీ టిట్లిస్ మంచులో పది నిమిషాలకే సాక్సు తడుస్తుంది. చలికాలంలో కాలిబాట మీద కంటికి కనపడని మంచు పొర ఉంటుంది. బూటుకు తొడిగే ముళ్లున్న రబ్బరు పట్టీలు పెద్దవాళ్లు ఉన్న జట్టుకు తప్పనిసరి.

చీరతో టిట్లిస్ ఎక్కకూడదని ఏమీ లేదు, ప్రతి వేసవిలో ఎక్కుతూనే ఉంటారు. కింద థర్మల్ లెగ్గింగ్, పాదానికి బూటు, కుచ్చిళ్లు రెండు అంగుళాలు పైకి. జార్జెట్ తొందరగా ఆరుతుంది, నేత చీర అంచు తడిస్తే రాత్రికి కూడా ఆరదు. జీన్స్‌కూ ఇదే బాధ. వేసవిలో గది హీటర్లు ఆపేసి ఉంటాయి, తడిసిన జీన్స్ రెండు రోజులు కుర్చీ మీదే. రెండు తేలికపాటి సింథటిక్ ప్యాంట్లు అన్నిటికీ జవాబు.

చలువ కళ్లద్దాలు ఫ్యాషన్ కోసం కాదు. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పది శాతం పైగా పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి ముఖానికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కమిలేది అందుకే. ఎస్‌పీఎఫ్ 50 క్రీమ్ అక్కడ కూడా పూయాలి. చర్మం చామనచాయ కదా మనకేం కాదనుకోవడం పొరపాటు.

ప్లగ్గు దగ్గర చాలా పెట్టెలు ఓడిపోతాయి. స్విస్ సాకెట్ గోడలోకి దిగి ఉండే ఆరుమూలల గుంట, అందులో మూడు గుండ్రటి రంధ్రాలు. ‘యూరప్ ఎడాప్టర్’ అని బజారులో అమ్మే గుండ్రటి లావుపాటిది జర్మనీ, ఫ్రాన్స్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఇక్కడ ఆ గుంటలోకి దూరనే దూరదు. అన్నిదేశాల ఎడాప్టర్లలో కూడా ఒళ్లు వెడల్పున్నవి అంతే. సన్నగా, బల్లపరుపుగా ఉండే రెండు పిన్నుల ఫోన్ చార్జర్ ప్లగ్గు నేరుగా పడుతుంది. మన మూడు పిన్నులది ఎలా తిప్పినా పట్టదు. నమ్మకంగా పనిచేసే ఏర్పాటు ఇది: స్విట్జర్లాండ్ రకం అని స్పష్టంగా రాసిన, ఎర్తింగ్ ఉన్న ఎడాప్టర్ ఒకటి, దానికి ఇంటి నుంచి తెచ్చిన నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు. అక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్‌జే, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ గొడవ లేదు. సాకెట్ సామర్థ్యం 10 ఆంపియర్లు, కెటిలూ ఇస్త్రీపెట్టే ఒకే బోర్డు మీద పెట్టకండి. పవర్ బ్యాంకు చేతిసంచీలోనే. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్, విమానాల్లో ఉండే 100 వాట్ అవర్ పరిమితిలోపే. పైన చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగా పడిపోతుంది, టికెట్టు క్యూఆర్ కోడ్ అందులోనే ఉంటుంది. ఫోన్‌ను లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచాలి.

తిండి సామాను మీద మా తీర్పు కొందరికి నచ్చదు: బియ్యం మోయొద్దు. బియ్యం, పెరుగు, కూరగాయలు ఊళ్లో ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. ఆదివారం మాత్రం దుకాణాలు దాదాపు అన్నీ మూత, స్టేషన్లోవి తెరిచి ఉంటాయి. తీసుకెళ్లాల్సింది అక్కడ దొరకనిది. కందిపొడి 200 గ్రాములు, ఎండబెట్టి కొట్టిన కరివేపాకు పొడి 100 గ్రాములు, పులిహోర పులుసు గుజ్జు, అటుకులు అరకిలో, కాస్త ఆవకాయ. నలుగురికి వారానికి ఇది చాలు. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు స్విట్జర్లాండ్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి, గోంగూర మాంసం అన్నీ ఇంటి దగ్గరే. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడికాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి అవీ అంతే. ఎండు కొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ కాబట్టి మండే సరుకు కింద లెక్క, చెక్-ఇన్ పెట్టెలో ఉంటే మన విమానాశ్రయంలోనే తీసేస్తారు.

ఆవకాయ కారకుండా ఉండటానికి కిటుకు మూత బిగింపులో లేదు, సీసాలో మిగిలిన గాలిలో ఉంది. విమానం ఎగిరాక పీడనం తగ్గి ఆ గాలి వ్యాకోచించి నూనెను మూత గాడుల్లోంచి తోసేస్తుంది. మందపాటి జిప్పు కవరులో పోసి, గాలంతా పిండేసి, ఇంకో కవరులో పెట్టి, ఆ మొత్తాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెడితే బట్టలు బతికిపోతాయి. షాంపూకూ ఇదే పద్ధతి.

అద్దె ఇంట్లో దిగేవాళ్లు గిన్నె తీసుకెళ్తే అయస్కాంతం పట్టే స్టీలుది తీసుకెళ్లండి. చాలాచోట్ల ఇండక్షన్ పొయ్యిలే, అల్యూమినియం గిన్నె పెడితే పొయ్యి మౌనవ్రతం. హోటల్ గదిలో వంట ఒప్పుకోరు, ఇంగువ పోపు పెడితే పొగ అలారం మోగి భవనమంతటికీ తెలుస్తుంది. మామూలు హోటళ్లలో కెటిల్, చెప్పులు ఉండకపోవచ్చు. చెంబు ఎలాగూ ఉండదు. మడతపడే సిలికాన్ మగ్గు గాని, 500 మిల్లీలీటర్ల పిండే సీసా గాని పెట్టుకోవాలి. పిండే సీసా మెడ దగ్గర ఏడాదికి కారడం మొదలెడుతుంది, మగ్గుకు ఆ బెడద లేదు. జులైలో పాత భవనాల్లో ఏసీ లేదు, ఫ్యానూ లేదు. రాత్రికి పల్చటి నూలు లుంగీయో నైటీయో ఒకటి, నూలుకు ఈ పెట్టెలో ఉన్న ఏకైక ఉద్యోగం ఇదే.

మంచినీళ్ల సీసా అర లీటరుది మనిషికొకటి, కొళాయి నీళ్లే తాగొచ్చు. మందులు నెల రోజుల వాడకానికి మించకుండా, అసలు పట్టీల్లోనే, డాక్టరు చీటీతో. షెంగెన్ వీసాకు చేసిన 30,000 యూరోల ఆరోగ్య బీమా కాగితం ఒక ప్రతి చేతిసంచీలో. రైల్వే పాస్ చూపించినప్పుడు పాస్‌పోర్టు అడగవచ్చు.

పెట్టె సంగతి. జ్యూరిక్ విమానాశ్రయం నుంచి లూసెర్న్‌కు నేరుగా రైలుంది, గంటా పది నిమిషాల్లోపే, కానీ కూలీలు ఉండరు. 23 కిలోల ఒక్క పెద్ద పెట్టె కన్నా 12 కిలోల రెండు చిన్నవి ఎక్కించడం తేలిక, సీట్ల వెనక సందులో కూడా పడతాయి. నాలుగు చిన్న చక్రాల పెట్టెలు విమానాశ్రయం నున్నటి నేల మీద నాట్యం చేస్తాయి, పాత బజారు రాళ్ల బాట మీద చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుని ఇరుసు వంగుతుంది. రెండు పెద్ద రబ్బరు చక్రాలున్నదే నిలబడింది. పగలు తిరగడానికి 20 లీటర్ల బ్యాగు, దానికి వాన తొడుగు. గది ఖాళీ చేసిన రోజు పెట్టెను స్టేషన్ లాకర్లో పెట్టి పడవెక్కవచ్చు.

ఒక్కసారి కూడా బయటికి తీయనివి: ఇస్త్రీపెట్టె, రెండో జత షూలు, మెడ దిండు, సూటు. అన్నిసార్లూ వాడినవి: సన్నటి గ్లవ్స్, చెవులు మూసే టోపీ, వాజెలిన్. కొబ్బరినూనె తీసుకెళ్తే సన్నమూతి సీసాలో వద్దు. 24 డిగ్రీలు దాటకపోతే అది పేరుకుంటుంది, వేలు పట్టే వెడల్పు మూత డబ్బాలో పోయండి.