కొవ్వెక్కువ డాగ్ ఫుడ్: చలికాలంలో బంగారం, బెజవాడ ఎండల్లో మాత్రం వెయ్యి కళ్ళతో చూసుకోవాలి

సంచి మీద 30/20 అని రాసి వచ్చే డాగ్ ఫుడ్ గురించి ఈ సమీక్ష. ప్రొటీన్ 30 శాతం, కొవ్వు 20 శాతం. పని కుక్కలకీ పోటీలకెళ్ళే కుక్కలకీ అని రెండు మూడు కంపెనీలవి దొరుకుతున్నాయి. మా కుక్క మాయకి రెండేళ్ళ పైనుంచీ ఇదే పెడుతున్నాను. ధరలూ సంచి సైజులూ ఏ షాపులో అడిగినా చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నదంతా ఆ 20 గురించే. మాకు మేలు చేసిందీ ఆ కొవ్వే, ఓ వేసవిలో మా ఉసురు తీసిందీ ఆ కొవ్వే.

మాయ జర్మన్ షెపర్డ్ ఆడకుక్క, 28 కిలోలు. ఐజీపీ అనే పని కుక్కల పోటీలకి తయారుచేస్తున్నాం. ట్రాకింగ్, ఒబీడియెన్స్ (చెప్పిన మాట వినడం), ప్రొటెక్షన్ (కాపలా పని) అని మూడు భాగాలు, ఒక్కోదానికి 100 మార్కులు. మాయకి ప్రాణం ట్రాకింగ్. మొదటి స్థాయిలో 300 అంగల దారి, రెండు మలుపులు, మధ్యలో వదిలిన రెండు వస్తువులు. మనిషి నడిచి వెళ్ళి కనీసం 20 నిమిషాలైన తర్వాత కుక్క ఆ అడుగుల వాసన పట్టుకుని వెళ్ళాలి, వస్తువు కనపడ్డ చోట ఆగి చూపించాలి. మాయ పడుకుని చూపిస్తుంది. చదవడానికి చిన్న పనిలాగే ఉంటుంది. కానీ కుక్క ఒళ్ళు చల్లబరచుకునేది ప్రధానంగా రొప్పడం వల్లే. నోరు తెరిచి రొప్పుతున్నంతసేపూ ముక్కుతో లోతుగా వాసన లాగలేదు. అంటే ఒంట్లో వేడి పెరిగిందంటే ముక్కు సగం మూతపడ్డట్టే. మన కృష్ణా జిల్లాలో ట్రాకింగ్ చేయించే వాళ్ళ అసలు పోరాటం దీనితోనే.

ఇంతకుముందు మాయ తిండి అన్నం, పెరుగు, ఉడకబెట్టిన కోడి, అప్పుడప్పుడూ గుడ్డు. మన ఇళ్ళలో అందరూ పెట్టేదే. ఇంటి దగ్గర ఉండే కుక్కకి దాంతో రోజులు గడుస్తాయి. మాయ బరువున్న కుక్క కదలకుండా పడుకున్నా రోజుకి దాదాపు 850 కేలరీలు కావాలి. గట్టిగా పని చేసిన రోజు మాయకి నేను పెట్టేది 1,600 దాకా ఉంటుంది. అదంతా అన్నంలోంచే రావాలంటే కిలోంబావు అన్నం తినాలి. అంత పొట్టతో ఏ కుక్కా చురుగ్గా పని చెయ్యదు. పిండిపదార్థమైనా ప్రొటీనైనా గ్రాముకి నాలుగు కేలరీలిస్తే కొవ్వు తొమ్మిదిస్తుంది. 30/20 అయితే 400 గ్రాముల్లో పని అయిపోతుంది. పైగా ఎక్కువసేపు సాగే పనికి కుక్క కండరాలు వాడుకునే ఇంధనంలో పెద్ద వాటా కొవ్వుదే.

మొదట పది రోజులు పాత తిండిలో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేశాను. తేడా వెంటనే ఏమీ కనపడలేదు, విరేచనం గట్టిపడి తగ్గడం తప్ప. ఒంటికి కొవ్వుని ఇంధనంగా వాడటం అలవాటు కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని మా మాస్టారు ముందే చెప్పారు. ఆయన చెప్పినట్టే అయింది.

ఆ ఉదయం నాకు బాగా గుర్తు. కంకిపాడు దాటాక ఓ మాగాణి, వరి కోసేశారు, మినుము ఇంకా మొలకల్లోనే ఉంది. రైతుని అడిగి గట్టు పక్కన చల్లకుండా వదిలేసిన చెక్కలో ట్రాక్ వేశాం. పది మీటర్ల తాడు చివర నేను, ఆ చివర మాయ. ఎప్పుడూ రెండో మలుపు తిరిగేసరికి నోరు తెరుచుకునేది, నాలుక పక్కకి వేలాడేది, అక్కణ్ణుంచి వాసన వదిలేసి గాల్లో తల తిప్పేది. ఆ రోజు రెండో మలుపు తిరిగింది, నోరు మూసే ఉంది. ముక్కు నేలకి అంగుళం ఎత్తులో ఆడుతోంది. ఎండిన వరి మొదళ్ళ మధ్య అది గాలి పీల్చే చప్పుడు తాడు చివర నిలబడ్డ నాకు వినపడుతోంది, చిన్నగా, ఆగకుండా. రెండో వస్తువు దగ్గర పడుకుని నా వైపు చూసినప్పుడు కూడా నోరు తెరవలేదు. నేను పరిగెత్తుకెళ్ళి దాని మెడ పట్టుకున్నాను. ఆ శీతాకాలమే బెంగళూరు ట్రయల్లో, అంటే పోటీలో, ట్రాకింగ్‌కి 91 మార్కులొచ్చాయి.

అప్పట్లో నన్ను ఎవరడిగినా ఈ తిండి చలవే అని చెప్పాను. ఇప్పుడడిగితే అంత గట్టిగా చెప్పను. అదే సమయంలో బందరు కాలువ గట్టు మీద రోజూ నడకా పరుగూ మొదలుపెట్టాం. అన్నం మానేసేసరికి మాయ ఒంట్లో అనవసరమైన బరువు తగ్గింది, పక్కటెముకలు చేతికి తగిలేంత నాజూకుగా అయింది. పైగా అది కార్తీకం. పొద్దున పూట చల్లగా ఉండే రోజులు. ఈ నాలుగింటిలో ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేం. కొవ్వు కొంత చేసిందన్న నమ్మకం మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. ఎందుకంటే తర్వాత అది చెడినప్పుడు ఏం జరిగిందో కళ్ళారా చూశాను.

పోయిన ఏడాది మే చివర్లో, రోహిణి కార్తె మొదలైన రోజులు. రోళ్ళు పగిలే ఎండ అంటారే, ఆ ఎండలో కొత్త పెద్ద సంచి ఇంటికొచ్చింది. ఎప్పుడూ కొనే షాపే, ఎప్పుడూ కొనే రకమే. మొదటి రోజు మాయ సగం తిని గిన్నె వదిలేసింది. ఎండల్లో కుక్కలు తిండి తగ్గించడం మామూలే కదా అనుకునేలాగే ఉంది. మూడో రోజుకి వాసన చూసి వెనక్కి జరిగింది. విరేచనాలు పట్టుకున్నాయి. అయిదింటికే లేచి కాలువ గట్టుకి తీసుకెళ్తే నాలుగడుగులు వేసి కూర్చుంది. తిండి దగ్గర ఏ రోజూ మారాం చెయ్యని కుక్క, పని అంటే తాడు చూడగానే గెంతే కుక్క, నా చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుంది.

వాసన ముందు కనిపెట్టింది మా అమ్మ. స్టీలు డబ్బా మూత తీసి, "ఇదేంట్రా, సంక్రాంతి అరిసెలు ఉగాది దాకా డబ్బాలో ఉండిపోతే వచ్చే వాసన ఇది. దీన్నా దానికి పెడుతున్నావు?" అంది. నేను గుప్పెడు తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పైపైన మామూలు మాంసం పొడి వాసన. దాని కింద పాత నూనె వాసన, పెయింటులాగా గొంతులో పట్టే వాసన.

గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళాం. జ్వరం లేదు. కొవ్వెక్కువ తిండి తినే కుక్క కాబట్టి క్లోమగ్రంథి వాపు ఉందేమోనని పొట్ట నొక్కి చూశారు, రక్తపరీక్ష చేయించారు. దేవుడి దయవల్ల అదేమీ లేదు. డాక్టరుగారు మేం పట్టుకెళ్ళిన గింజల్ని వాసన చూసి ఆ సంచి పక్కన పెట్టెయ్యమన్నారు. కొవ్వుకి వేడీ గాలీ తగిలితే ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది. చెడేటప్పుడు తిండిలో ఉన్న విటమిన్ ఇ ని కూడా ఖర్చు చేసేస్తుంది. కొవ్వు పది పన్నెండు శాతం ఉన్న మామూలు డాగ్ ఫుడ్‌లో కన్నా 20 శాతం ఉన్నదానిలో చెడటానికి సరుకు ఎక్కువ. అందులో చేపనూనె కూడా కలిపితే ఇంకా తొందరగా చెడుతుంది. సంచి మీద గొప్పగా రాసుకున్న ఒమేగా-3 అంటే ఆ చేపనూనే.

సంచి తీసుకుని షాపుకి వెళ్ళాను. "అన్నా, డేట్ చూడండి, ఇంకా ఏడు నెలలుంది. ఓపెన్ చేసింది వెనక్కి తీసుకోం" అన్నాడు కుర్రాడు. ఎక్కడ పెడుతున్నారో చూపించమంటే మేడ మీదకి తీసుకెళ్ళాడు. రేకుల షెడ్డు. మధ్యాహ్నం రెండు గంటలు. కిటికీ లేదు, ఫ్యాను లేదు. దొంతరలో పై సంచి మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆ సంచి వెనకే చిన్న అక్షరాల్లో చల్లని, పొడిగా ఉండే చోట నిల్వ చేయాలని రాసి ఉంది. ఆ డేట్ ఆ షరతు మీద వేసిన డేటు. రేకుల కింద మేలో మూడు వారాలు ఉడికిన సంచికి ఆ డేటుతో ఏం సంబంధం? కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే బ్యాచ్ నంబరు రాసుకున్నారు, ఫొటోలు పంపమన్నారు, పంపాను. మళ్ళీ ఫోన్ రాలేదు. జూలైలో బెంగళూరు ట్రయల్‌కి పేరిచ్చి ఉన్నాం. మాయ కోలుకుని మునుపటి ఊపుకి రావడానికి జూలై అంతా పట్టింది. పేరు వెనక్కి తీసుకున్నాం, కట్టిన ఫీజు పోయింది. డబ్బు సంగతి సరే. ఏడాదంతా కష్టపడి తయారైన కుక్కని ఓ రేకుల షెడ్డు కారణంగా ఇంట్లో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

అయినా తిండి మార్చలేదు. కొనే పద్ధతి మార్చాను. మార్చి నుంచి జూన్ దాకా మూడు కిలోల సంచులే, అవీ సరుకు ఏసీ గదిలో పెట్టే షాపులోనే. ధర కిలోకి బాగా ఎక్కువ పడుతుంది, తప్పదు. గింజల్ని డబ్బాలో పొయ్యను. సంచి మూతి గాలి లేకుండా మడిచి క్లిప్పు పెట్టి, సంచితో సహా డబ్బాలో పెడతాను. ప్లాస్టిక్ డబ్బా గోడలకి నూనె జిడ్డు పట్టి, తర్వాత పోసే కొత్త సరుకుని కూడా పాడుచేస్తుంది. సంచి తెరవగానే ముందు అమ్మకి వాసన చూపిస్తాను. ఆవిడ ముక్కు నాకన్నా నయం.

వేసవిలో కొలత కూడా తగ్గించేశాను. పని తగ్గినప్పుడు 400 గ్రాములు పెడితే రెండు వారాల్లో నడుము కనపడకుండా పోతుంది. లావెక్కిన కుక్కకి ఎండ ఇంకా ప్రమాదం.

ఈ తిండితో వచ్చే ఇంకో ఇబ్బంది నీళ్ళు. అన్నం పెరుగులో ఉన్న తడి ఎండు గింజల్లో ఉండదు. ఊరు మారితే మాయ నీళ్ళు ముట్టదు. బెంగళూరు ప్రయాణంలో అదే పెద్ద భయం. మంచు బండ్లు లాగే కుక్కల వాళ్ళు నీళ్ళలో మాంసం ముక్కలు కలిపి తాగిస్తారట. అదే చేశాను. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వెయ్యకుండా కోడి ఉడికించిన నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి, తాగే నీళ్ళలో ఓ గరిటెడు కలుపుతాను. గిన్నె అడుగు నాకేదాకా తాగుతుంది. ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తానికి చేటు, కాబట్టి ఇంట్లో కూర పులుసు మాత్రం కలపకండి. పోటీ రోజు పొద్దున ఏమీ పెట్టను. ముందురోజు సాయంత్రమే అసలు భోజనం, పోటీ రోజు పని అయ్యి ఒళ్ళు చల్లబడ్డాకే మళ్ళీ గిన్నె. లోతైన ఛాతీ ఉన్న ఇలాంటి జాతుల్లో నిండు కడుపుతో పరిగెత్తిస్తే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అది ప్రాణాంతకం.

ప్రొటీన్ 30 కదా, అంత ఎక్కువుంటే అంత బలం అని షాపుల్లో చెప్తారు. నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. 2013 ప్రాంతంలో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్కల మీద చేసిన పరిశోధనలో, ప్రొటీన్ కాస్త తగ్గించి మొక్కజొన్న నూనె కలిపిన తిండి తిన్నవే వాసన పట్టడంలో మెరుగ్గా ఉన్నాయి. ట్రాకింగ్ చేయించేవాళ్ళు సంచి మీద రెండో అంకెనే ముందు చూడాలని నేననేది అందుకే. ఇక అలాస్కాలో ఇడిటరాడ్ అనే మంచుబండ్ల పందెం కుక్కలు దాదాపు 1,600 కిలోమీటర్లు పరిగెత్తి రోజుకి 10,000 కేలరీలు తింటాయని అమ్మేవాళ్ళు ఉదాహరణ చెప్తుంటారు. అది నిజమే. కానీ అవి మంచులో పరిగెడతాయి, మనది గుంటూరు బెజవాడ ఎండ. మనవాటి పని ఎంత కష్టమైనా పొద్దున ఓ గంట.

కాబట్టి ఎవరైనా అడిగితే నా సమాధానం ఇది. వారానికి నాలుగైదు రోజులు గట్టిగా పని చేసే కుక్క, పోటీలు చలికాలంలో పెట్టుకున్నవాళ్ళు, ఇంట్లో చల్లటి గది ఉన్నవాళ్ళు ధైర్యంగా పెట్టొచ్చు. సాయంత్రం వీధి చివరిదాకా నడిచొచ్చే కుక్కకి ఇది వద్దు, లావెక్కుతుంది. క్లోమగ్రంథి జబ్బు ఒకసారి వచ్చిన కుక్కకైతే డాక్టర్ని అడక్కుండా ముట్టించొద్దు. మీరుండే ఊళ్ళో షాపు ఒక్కటే అయి, దాని గోడౌన్ రేకుల కింద ఉంటే మాత్రం వేసవి నాలుగు నెలలూ మామూలు డాగ్ ఫుడ్ మీదో ఇంటి తిండి మీదో నడపమంటాను. మాయకి ఇప్పుడు చిన్న సంచే నడుస్తోంది, పెద్దది వేసవి దాటాకే తెస్తాను.