ఆర్సే మ్యూజియం: మేడ ఎక్కేముందు కింద చూడండి

పారిస్‌లోని ఆర్సే మ్యూజియానికి వచ్చినవాళ్లలో చాలామంది టికెట్టు చూపించగానే అయిదో అంతస్తుకు దారి వెతుక్కుంటారు. మోనే, రెన్వా బొమ్మలున్నది అక్కడే మరి. డ్రాయింగు మాస్టారుగా బతికిన నేను మాత్రం కింది అంతస్తుకే ఎక్కువ మార్కులు వేస్తాను.

మోనే, రెన్వా లాంటి ఇంప్రెషనిస్టులు (క్షణకాలపు వెలుగును విడివిడి కుంచె గీతలతో పట్టిన చిత్రకారులు) ఎవరిని కాదన్నారో వాళ్లున్నది కింద. కుట్యూర్ గీసిన రోమన్ల విందు ఏడు మీటర్లకు పైగా వెడల్పు. బొమ్మకన్నా ఆ కొలతే గుర్తుంటుంది. కాబనెల్ ‘వీనస్ జననం’ దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడండి. ఎంత దగ్గరగా చూసినా కుంచె జాడ దొరకదు, ఒళ్లంతా పింగాణీ నునుపు. చేయి తిరిగినవాడే, కాదనను. 1863 సలోన్‌లో (జ్యూరీ బొమ్మలు ఎంపిక చేసే పారిస్ అధికారిక ప్రదర్శనలో) దీన్ని మూడో నెపోలియన్ చక్రవర్తి కొనుక్కున్నాడు. ఆ ఏడాదే సలోన్ తిప్పికొట్టిన మానే ‘పచ్చికపై భోజనం’ కూడా ఈ మ్యూజియంలోనే ఉంది. రెండింటిలోనూ నగ్నంగా ఉన్నది స్త్రీయే. ఒకామె దేవత కనుక పేచీ లేదు. రెండో ఆమె కోట్లు తొడుక్కున్న మగవాళ్ల పక్కన కూర్చుని నేరుగా మన వంకే చూస్తోంది! తిరస్కరణల మీద గోల పెరిగేసరికి చక్రవర్తే ఆ బొమ్మలకు వేరే ప్రదర్శన పెట్టించాడు. చూసి నవ్వడానికి వెళ్లినవాళ్లే ఎక్కువ.

ఇక పైకి వెళ్లండి. బెర్త్ మోరిసో ‘ఉయ్యాల’ 1874లో, ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో జరిగిన ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో ఉన్న బొమ్మ. ఉయ్యాల మీది తెరను దగ్గరగా చూస్తే ఉత్త గీతలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవే పలచని బట్ట అవుతాయి.

కైబోట్ ‘నేలను చిత్రిక పట్టేవాళ్లు’ వదలకండి. గీత, దూరం అన్నీ బడిలో నేర్పినట్టే ఉన్నాయి. అయినా 1875లో సలోన్ వద్దంది. చొక్కాల్లేని కూలీలు చెమటోడుస్తుంటే అది కూడా ఒక బొమ్మేనా అని సలోన్‌వాళ్ల బాధ. గొడవంతా కుంచె పట్టే తీరు గురించే అనేవాళ్లకు నా జవాబు ఈ చిత్రం. మా గుంపు వెంట వచ్చిన గైడు మ్యూజియంలోని పెద్ద గడియారం ముందు ఫొటోలకు ఇచ్చిన సమయంలో సగం కూడా దీనికి ఇవ్వలేదు. గైడు లేకుండా వెళ్లడమే మేలు.

సోమవారం సెలవు. గురువారం రాత్రి 9:45 దాకా తెరిచి ఉంటుంది. ఇంప్రెషనిస్టు ఉద్యమానికి ఆ పేరు రావడానికి కారణమైన మోనే ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ కోసం ఇక్కడ వెతక్కండి. అది అదే నగరంలోని మార్మొతాన్ మ్యూజియంలో ఉంది. దానికి వేరే టికెట్టు కొనాలి, వేరే పూట కేటాయించుకోవాలి.