జైపూర్ పాదం: నేల మీద కూర్చునేవారిని దృష్టిలో పెట్టుకున్న కాలు

జైపూర్ పాదం అనే కృత్రిమ కాలి గురించి రాసేవారు సాధారణంగా దాని చవకతనంతో మొదలుపెడతారు గాని, నాకు అంతకంటే గొప్పగా తోచింది దాన్ని తయారుచేసినవారి ముందుచూపు. అంతకుముందు వాడుకలో ఉన్న పాశ్చాత్య నమూనా పాదానికి బూటు తప్పనిసరి. దానితో గొంతుకు కూర్చోవడం గాని, బురదలో దిగడం గాని కుదిరేది కాదు. 1968లో జైపూర్‌లో హస్తకళాకారుడు రామ్‌చంద్ర శర్మ, ఎముకల వైద్యుడు పి.కె. సేథీ కలిసి రబ్బరు, కొయ్యలతో రూపొందించిన పాదం ఈ పనులకు అనువుగా వంగుతుంది.

మా నాన్నగారికి లారీ ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద తీసివేశారు. పరామర్శకు వచ్చినవారందరూ ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు’ అనేవారు. అందులో అబద్ధం లేదు గాని, మరొకరి ఆసరా లేకుండా పెరట్లోకైనా వెళ్లలేని రైతుకు ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా తన దుఃఖానికి తానే సిగ్గుపడవలసి వస్తుంది. ఈ కాలు అమరి, నడక కుదిరిన తరువాత ఆయన చెప్పుల్లేకుండా వరిచేను గట్టు మీద నడిచారు, అందరితోపాటు నేల మీద కూర్చుని అన్నం తిన్నారు. ప్రమాదానికి ముందు లెక్కలోకే రాని ఇలాంటి పనులను ఆయన ఇప్పుడు పేరుపేరునా చెప్పుకొని మురిసిపోతున్నారు. లేని కాలి బొటనవేలు దురద పెడుతోందని రాత్రుళ్లు లేచి కూర్చోవడం మాత్రం మానలేదు. దానికి ఏ కృత్రిమ కాలూ మందు కాదు.

తయారీ చూడముచ్చటగా ఉంటుంది. కాలు తీసివేయగా మిగిలిన మొండి భాగానికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, నీటి సరఫరాకు వాడే రకం ప్లాస్టిక్ పైపును వేడిచేసి, మెత్తబడగానే ఆ అచ్చు మీదికి తొడుగుతారు. ఈ కాళ్లను ఉచితంగా అమర్చే భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని 1975లో స్థాపించిన డి.ఆర్. మెహతా, తానే ఒక రోడ్డు ప్రమాదంలో కాలు పోయేంత ప్రమాదం నుంచి బయటపడినవారు. తనకు దక్కిన కాలికి ఆయన చెల్లించిన కృతజ్ఞత ఇంత పెద్దదని, అక్కడ ఎవరూ చెప్పకపోయినా అర్థమవుతుంది.

ప్లాస్టిక్ తొడుగులో గాలి ఆడదు కనుక ఎండాకాలంలో చెమటకు చర్మం ఒరుసుకుపోకుండా మొండి భాగానికి వేసుకునే నూలు మేజోడు తరచు మార్చాలి. మొండి భాగం క్రమంగా సన్నబడి తొడుగు వదులైతే మళ్లీ కొలత ఇవ్వవలసిందే. మోకాలి పైన తీసివేసినవారికి కృత్రిమ మోకీలు కూడా కావాలి కాబట్టి, వారు నడక నేర్చుకోవడానికి మోకాలి కింద తీసివేసినవారికంటే ఎక్కువ కాలం పడుతుందని ముందే సిద్ధపడి వెళ్లడం మంచిది.