ఎనిమిదేళ్లుగా ఏడీఎస్ వాడుతున్న ఒక పోస్ట్‌డాక్ మాట

పీహెచ్‌డీలో చేరిన మొదటి రోజు మా గైడ్ చెప్పిన పని ఒక్కటే: ఏడీఎస్‌లో అకౌంటు తెరువు. ఏడీఎస్ అంటే ఆస్ట్రోఫిజిక్స్ డేటా సిస్టమ్, ఖగోళశాస్త్ర పేపర్లను వెతికిపెట్టే వెబ్‌సైట్. ఇప్పుడు రెండో పోస్ట్‌డాక్‌లో, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో ఉన్నాను, ఆ ట్యాబ్ ఇంకా మూసింది లేదు. నాసా నిధులతో స్మిత్సోనియన్ ఆస్ట్రోఫిజికల్ అబ్జర్వేటరీ వాళ్లు దీన్ని నడుపుతారు. పూర్తిగా ఉచితం.

వెతకడం బాగుంటుంది, అడగడం తెలిస్తే. పేరు ముందు టోపీ గుర్తు (^) పెడితే ఆ మనిషి మొదటి రచయితగా ఉన్న పేపర్లే వస్తాయి. 'యూజ్‌ఫుల్' అనే ఆపరేటరుంది. మీ టాపిక్ మీది ముఖ్యమైన పేపర్లు ఎక్కువగా వేటిని సైట్ చేశాయో, అంటే ఉటంకించాయో తీసి చూపిస్తుంది. కొత్త ఫీల్డులోకి మారినప్పుడు నన్ను గట్టెక్కించింది అదే.

నా ఇంటిపేరు, మొదటి అక్షరం కొడితే మాత్రం నావి పదకొండు పేపర్లు, ప్లాస్మా ఫిజిక్స్‌లో ఇంకెవరివో నలభై, అన్నీ ఒకే కుప్ప. చూసినవాళ్లు నన్ను ఘనుడనుకుంటే అనుకోనీలే అని కొన్నాళ్లు ఊరుకున్నాను. అప్లికేషన్‌లో లింకు పెట్టాల్సి వచ్చాక బుద్ధొచ్చి ఆర్కిడ్ (ORCID) ఐడీ, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య తీసుకున్నాను. నావేవో ఒక్కొక్కటిగా టిక్ పెట్టడానికి పావుగంట పట్టింది.

పేపర్ల వివరాలను మన రిఫరెన్సుల జాబితాలోకి దించుకునే బిబ్‌టెక్ ఎక్స్‌పోర్ట్ దగ్గర ఒక గుంత ఉంది, నేను పడ్డాను. జర్నల్ పేరున్న చోట పొట్టి మాక్రో, అంటే పేరుకు బదులు ఒక సంకేతపదం వస్తుంది. ఆస్ట్రానమీ జర్నళ్ల టెంప్లేట్లకు అది తెలుసు. నేనేమో మామూలు ఆర్టికల్ క్లాసులో (అది తెలియని సాదా టెంప్లేటులో) ప్రపోజల్ రాస్తున్నాను. గడువుకు గంట ముందు, పేపర్లు టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్ లేటెక్ 'అన్‌డిఫైన్డ్ కంట్రోల్ సీక్వెన్స్' అంటూ వరసపెట్టి అరిచింది. తప్పు నాదే. సెట్టింగ్స్‌లో జర్నల్ పూర్తి పేరు రావాలని ఒక్కసారి పెట్టుకుంటే సరిపోయేది.

మన పక్క గెలాక్సీ అయిన చిన్న మాగెల్లన్ మేఘంలోని 25 చరతారల (వెలుగు మారుతుండే నక్షత్రాల) మీద ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెటా లెవిట్ పని వెలువడిన 1912 నాటి సర్క్యులర్ కూడా ఇందులోనే దొరుకుతుంది. మూడే పేజీలు. మా వాళ్ల పేపర్లలో రచయితల పేర్లకే అంతకన్నా చోటు పడుతుంది.

ఇక మెట్రిక్స్ పేజీ. ఉద్యోగాల సీజన్లో, అంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, రోజుకు మూడుసార్లు తెరిచేవాణ్ణి. నా హెచ్-ఇండెక్స్ 6 దగ్గర కదలకుండా కూర్చుంది. అంటే కనీసం ఆరేసి సార్లు సైట్ అయినవి నావి ఆరు పేపర్లే. పక్క సీటు అబ్బాయిది కూడా చూశాను, 9. ఆ బుక్‌మార్క్ తీసేశాను. ఎవరైనా నన్ను సైట్ చేస్తే ఏడీఎస్ వాళ్లు పంపే మైఏడీఎస్ ఈమెయిలు వారానికోసారి ఎలాగూ చెబుతుంది.